నయీమ్ పేరున నడిచిన పేజీ

నయీమ్ చనిపోయిన నాలుగో రోజు పొద్దున అతని ఫోను కదిలింది. పాట రాలేదు, కిటికీ గట్టు మీద గుర్రుమని రెండుసార్లు కదిలి ఆగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న మెహతాబ్ లేచి వెళ్లి చూసింది. హైదరాబాదు నుంచి మురళీధర్ అనే ఆయన పెట్టిన మెసేజీ అది.

"నయీమ్ అన్నా, పద్నాలుగో తారీఖు మా గృహప్రవేశం. నేమ్‌బోర్డు అప్పటికి అందుతుందా? ఇంట్లో అడుగుతున్నారు."

ఆ బోర్డు వెనక రేకుల షెడ్డులో సగం చెక్కి ఉంది. 'మురళీ' వరకు అయింది. 'ధర్' అన్న రెండు అక్షరాలకు బలపంతో గీసిన గీతలు మాత్రం ఉన్నాయి. మెహతాబ్ మెసేజీ రెండుసార్లు చదివి, "అందుతుంది" అని టైపు చేసి పంపింది.

వెంటనే జవాబు వచ్చింది. "థాంక్స్ అన్నా. ఆరోగ్యం బాగుందా?"

"బాగుంది" అని రాసింది మెహతాబ్.

ఆ మాట ఎందుకు రాసిందో ఆమెకు అప్పుడూ తెలియదు, తర్వాత అడిగినవాళ్లకూ చెప్పలేకపోయింది. మోసం చేద్దామని కాదు. భర్త పోయినాడని రాయాలంటే కనీసం రెండు వాక్యాలు కావాలి. ఆ రోజు ఆమె దగ్గర ఒక్క మాటకు సరిపడా ఓపికే ఉంది.

మార్కాపురంలో ఆ తరం మగపిల్లలు చాలామందిలాగే నయీమ్ కూడా మీసాలు రాకముందే పలకల ఫ్యాక్టరీలో చేరాడు. గని నుంచి వచ్చిన రాయిని పొరలు పొరలుగా చీల్చడం, రంపం కింద పెట్టి కొలతకు కోయడం అతని పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా బూడిద రంగులో ఉండేవి. పెళ్లయిన కొత్తలో మెహతాబ్ అతని చొక్కా దులిపితే వాకిలంతా పొగ లేచినట్టు ఉండేది. తర్వాత బడిపిల్లలు పలకలు పట్టడం మానేశారు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నయీమ్ పని చేసింది మూతపడేసరికి అతనికి ముప్పై ఏడేళ్లు.

అతనికి ఉన్న ఆస్తి ఒక్కటే, చేతిరాత. తెలుగు రాసినా ఉర్దూ రాసినా అచ్చు వేసినట్టుండేది. ఇంటి వెనక షెడ్డు వేసుకుని నల్ల పలకరాయి మీద ఇంటి పేర్లు చెక్కడం మొదలుపెట్టాడు. కానీ ఒక్క ఊళ్లో ఏడాదికి ఎన్ని కొత్త ఇళ్లు లేస్తాయి? లేచినా మెరిసే స్టీలు అక్షరాలు కావాలనేవాళ్లే ఎక్కువ. అప్పుడే కొరియర్ ఆఫీసు నడిపే బాలకృష్ణ ఒకరోజు అతన్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"రాయి ఫొటో పెడితే ఎవడు చూస్తాడు నాయనా? నువ్వు చెక్కేది చూపించు. ఊరికే చెక్కొద్దు, మాట్లాడుతా చెక్కు. పదిమంది చూస్తే ఒకడన్నా అడుగుతాడు."

అట్లా మొదలైంది పేజీ. షెడ్డులో ఇటుకల మీద ఫోను ఆనించి, రాయి ముందు కూర్చుని, కెమెరా వైపు చూసి నయీమ్ ప్రతిసారీ ఒకే మాటతో మొదలుపెట్టేవాడు. "మార్కాపురం రాయి, నయీమ్ చెయ్యి!" ఆ తర్వాత రాయి గురించి, అక్షరం గురించి, ఆ పేరు పెట్టించుకున్న ఇంటివాళ్ల గురించి ఏదో ఒకటి చెప్పేవాడు. "నేనొక్కడినే చేస్తానండీ. రాయి ఎంచేదీ నేనే, చెక్కేదీ నేనే, మీకు పంపేదీ నేనే" అనేవాడు. మొదటి ఆర్డరు నెల్లూరు నుంచి వచ్చింది. రెండేళ్లయ్యేసరికి బెంగళూరు నుంచి, మస్కట్ నుంచి కూడా అడగడం మొదలైంది.

నేనొక్కడినే అన్నది పూర్తిగా నిజం కాదు. రాయిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేది మెహతాబ్. చెక్కిన అక్షరాల్లో సన్న కుంచెతో తెల్లరంగు నింపేది, థర్మాకోల్ పెట్టి అట్టపెట్టెలో కట్టేది ఆమె. ఒకసారి అడిగింది కూడా.

"నేను కూడా ఉన్నానని చెప్పకూడదా?"

"చెప్తే నిన్ను చూపించమంటారు. నీకు ఇష్టమేనా?"

"వద్దులే."

అంతటితో ఆ మాట అయిపోయింది.

నయీమ్ వీడియోలు చాలా వేగంగా ఉంటాయని జనం మెచ్చుకునేవాళ్లు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఖాళీ ఉండేది కాదు. "అన్నా, మీ ఎడిటింగ్ భలే ఫాస్ట్" అని ఎవరో రాస్తే మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ ఖాళీల్లో ఉండేవి దగ్గులు. మాటకొకసారి దగ్గేవాడు. దగ్గు వచ్చిన చోటల్లా కోసేసి, అటూ ఇటూ అతికించేవాడు. ఫ్యాక్టరీ దుమ్ము అతని రొమ్ములో గూడు కట్టిందని గుంటూరు డాక్టర్లు అప్పటికే చెప్పి ఉన్నారు.

ఆఖరి ఏడాది కాస్త ఊపిరి ఆడిన పొద్దుల్లో చొక్కాలు మార్చుకుంటూ రోజుకు మూడేసి వీడియోలు తీసి ఫోనులో దాచాడు. "నేను మంచం పట్టినా పేజీ ఆగకూడదు మెహతాబ్. పది రోజులు కనపడకపోతే జనం మర్చిపోతారు" అనేవాడు. మంచం పట్టింది పదిహేను రోజులే. ఒక గురువారం పొద్దున, టీ గ్లాసు చేతికి ఇవ్వబోతే అందుకోలేదు.

మెహతాబ్ ఏడవలేదు. వచ్చిన ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చుని, "ఏడువమ్మా, ఏడిస్తే కొంచెం తేలికైతాది" అన్నారు. ఆమె తలూపింది. వాళ్లు చెప్పింది వినపడింది, అర్థమైంది. ఒంట్లో మాత్రం ఏదీ కదల్లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేసిన చిగురు నాలుకకు తగులుతుంది కానీ తనది కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకు తన ఒళ్లంతా అట్లా ఉంది. వండింది, తిన్నది, అత్తకు మందులు ఇచ్చింది. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఇక మిగిలింది ఆమె, డెబ్బై దాటిన అత్త అమీనాబీ.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. దాన్ని ఇద్దత్ అంటారు. మెహతాబ్‌కు అది భారమనిపించలేదు. బయటికి వెళ్లాలన్న ఆలోచనే లేదు. షెడ్డు మాత్రం ఇంటి ప్రహరీ లోపలే ఉంది.

మురళీధర్ బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఆమె చేతిలో ఉలి కొత్తది. రంగు నింపడం కోసం ఆ అక్షరాల లోతులన్నీ తెలుసు గానీ చెక్కడం ఎప్పుడూ చేయలేదు. ముందు పగిలిన ముక్కల మీద రెండు రోజులు కొట్టి చూసింది. నయీమ్ పొడిరాయి మీదే చెక్కేవాడు, తడిస్తే గీత కనపడదని. ఆమె తడిగుడ్డ పక్కన పెట్టుకుని, ముందు గీతను మేకుతో గట్టిగా గీకి, రాయిని తడిపి, ఒక్కొక్క దెబ్బ వేసింది. దుమ్ము లేవలేదు. నయీమ్ అరగంటలో చేసే పనికి ఆమెకు రోజున్నర పట్టింది. 'ధ' ముందున్న అక్షరాల కంటే కొంచెం లావు వచ్చింది. బాలకృష్ణ గుమ్మం బయట నిలబడి పెట్టె తీసుకుపోయాడు. పదిహేనో తారీఖున మురళీధర్ గోడ మీద బోర్డు ఫొటో పంపి, "సూపర్ అన్నా" అని రాశాడు.

అట్లా చేతిలో ఉన్న ఆర్డర్లు ఆరూ పూర్తిచేసింది. రెండు రాళ్లు పగిలాయి, మళ్లీ చెక్కింది. ఏడోది రాలేదు. రోజూ పొద్దున ఫోను తెరిచి చూసేది. పేజీలో కొత్త వీడియో పడి నెల దాటింది. నయీమ్ చెప్పినట్టే జనం మర్చిపోయారు.

ఒక మధ్యాహ్నం బాలకృష్ణ వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. అమీనాబీ కుర్చీ వేసింది.

"చెల్లెమ్మా, పేజీ సంగతి ఏం చేద్దామనుకుంటున్నావు?"

మెహతాబ్ తలుపు చాటు నుంచే జవాబిచ్చింది. "ఆయన తీసి పెట్టిన వీడియోలు ఉన్నాయి అన్నా. యాభై దాకా ఉన్నాయి."

"జనానికి చెప్పాలేమో" అన్నాడు బాలకృష్ణ.

"చెప్తే ఏమైతాది?"

"ఏమైతాది... ఒక రోజంతా అయ్యో అంటారు. మరుసటి రోజు ఇంకేదో చూసుకుంటారు."

"మరి చెప్పకపోతే?"

ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మెహతాబ్ మొదటి వీడియో పెట్టింది. నీలం చొక్కా వేసుకున్న నయీమ్ తెరమీదికి వచ్చి "మార్కాపురం రాయి, నయీమ్ చెయ్యి!" అన్నాడు. మరునాటికి ఇద్దరు అడిగారు.

తర్వాత వారానికి రెండు చొప్పున పెడుతూ పోయింది. కొన్ని నయీమ్ కోసి సిద్ధం చేసినవి, చాలావరకు కోయనివి. కోయడం తనే నేర్చుకుంది. ఫోను మీద వీడియోలోని శబ్దం ఒక గీతలా కనపడుతుంది. మాట దగ్గర గీత కొండలా లేస్తుంది, దగ్గు దగ్గర ముల్లులా పొడుస్తుంది. ముల్లు కనపడ్డ చోటల్లా ముందూ వెనకా నొక్కి తీసేసేది. చిక్కుడుకాయ ఈనెలు తీసినట్టు అలవాటైపోయింది. చేస్తున్నంతసేపూ ఏమీ అనిపించేది కాదు. అయిపోయాక చేతులు కడుక్కునేది.

కామెంట్లకు అతని మాటల్లోనే జవాబులు రాసేది. "అలాగే తమ్ముడూ." "తప్పకుండా అక్కా." ఎవరో "అన్నా, సన్నబడ్డారు" అంటే చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

ఒకరోజు షెడ్డులో వీడియో కోస్తుంటే అమీనాబీ కర్ర పట్టుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది.

"వాడినేనా మాట్లాడిస్తున్నావు?"

"అవును అమ్మీ. ఆర్డర్లు రావాల గదా."

"మళ్లీ పెట్టు."

మెహతాబ్ మళ్లీ మొదటినుంచి పెట్టింది. ముసలామె కళ్లు మూసుకుని విన్నది. అయ్యాక, "ఈ రోజు వాడికి జొరం ఉండె. గొంతు చూడు" అని కర్ర తాటిస్తూ లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచి మెహతాబ్ వీడియోలు కోసేటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది.

ఇద్దత్ ముగిసింది. ఆ రోజున కూడా పెద్ద తేడా ఏమీ తెలియలేదు. పెట్టెలు తనే మోసుకెళ్లి కొరియర్‌లో ఇచ్చి రావడం ఒక్కటే కొత్త.

ఆ రోజుల్లోనే అనురాధ అనే ఆమె ఆర్డరు ఇచ్చింది. కొమరోలులో బడి పంతులమ్మ. సొంతంగా చిన్న ఇల్లు కట్టుకుంది. బోర్డు మీద ఏం పేరు పెట్టాలో ఆమెకే తేలలేదు. మొదట పుట్టింటివాళ్ల ఇంటిపేరు అంది, తర్వాత అత్తింటిది అంది, తర్వాత రెండూ వద్దు దేవుడి పేరు అంది. నెలరోజులు అట్లా మెసేజీలు నడిచాయి. భర్త తనను వదిలి ఆరేళ్లయిందని, ఇల్లు కట్టేటప్పుడు ప్రతివాడూ 'సారు ఏరమ్మా' అని అడిగేవాడని ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చింది. అంతా చదివాక మెహతాబ్ ఒకటే రాసింది. "అక్కా, ఆ ఇంట్లో ఉండేది ఎవరు? వాళ్ల పేరే పెట్టండి."

సగం రోజు తర్వాత జవాబు వచ్చింది. "అయితే 'అనురాధ' అని చెక్కండి అన్నా. అంతే. ఇంకేం వద్దు."

బోర్డు అందిన మూడో వారం, ఒక ఆదివారం పదకొండు గంటలకు, నలభై అయిదేళ్ల ఆమె ఒకతి చేతిసంచితో గేటు తీసుకుని లోపలికి వచ్చింది. గిద్దలూరులో బస్సు మారి వచ్చానని, నయీమ్ అన్నను చూసి పోదామనుకున్నానని చెప్పింది. సంచిలో పచ్చి కందికాయలు ఉన్నాయి.

అమీనాబీ వరండాలో కూర్చుని ఉంది. "నా కొడుకు పోయినాడమ్మా. ఏడు నెలలైంది" అంది. ఆమెకు దాచడం ఎందుకో ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆమె దాచే మనిషి కాదు.

అనురాధ నవ్వబోయి ఆగింది. "లేదమ్మా... నిన్న వీడియో పెట్టినాడు గదా. అది చూసే బయలుదేరినా."

ఈ మాటలు విని మెహతాబ్ షెడ్డులోంచి వచ్చింది. చేతులకు రాతి బురద ఉంది. ఎవరి వంక చూసి మాట్లాడాలో తెలియక అనురాధ ఇద్దరినీ చూసింది.

"మరి నాతో మెసేజీల్లో మాట్లాడింది ఎవరు?"

"నేనే."

"బోర్డు చెక్కింది?"

"నేనే."

అనురాధ వరండా గట్టు మీద కూర్చుంది. సంచి పిడి మెలితిప్పింది.

"నా సంసారం సంగతంతా ఒక చచ్చిపోయినాయనకు చెప్పుకున్నాననమాట."

"నాకు చెప్పినారు" అంది మెహతాబ్.

"ఆడమనిషివని తెలిసుంటే ఇంకొంచెం చెప్పేదాన్నేమో. లేకపోతే అసలు చెప్పకపోదునేమో. ఇప్పుడు తిట్టాల్నో ఏం చెయ్యాల్నో తెలియడంలే." ఆగి అడిగింది. "ఉండేవాళ్ల పేరే పెట్టమన్నావే... ఆ మాట ఆయన ముందెప్పుడన్నా ఎవరికన్నా చెప్పిందా, నీదేనా?"

మెహతాబ్ ఆలోచించింది. "నాదే."

టీ ఇస్తే అనురాధ తాగింది. లేచి చెప్పులు వేసుకుంటూ అంది. "చెప్పెయ్యమ్మా. నాకు కోపం ఉండి కాదు చెప్పేది. నిన్న ఆయన ఏదో అని నవ్వితే నేను కూడా నవ్వినా. ఇంక ఆ వీడియో మళ్లీ తెరవలేను."

కందికాయలు ఉడకబెట్టుకుని అత్తాకోడళ్లు రెండు రోజులు తిన్నారు. తప్పు చేశానన్న బాధ కోసం మెహతాబ్ తనలో తను వెతుక్కుంది. అది కూడా దొరకలేదు. కానీ బుధవారం పెట్టాల్సిన వీడియో పెట్టడానికి వేలు కదల్లేదు.

ఫోనులో ఇక నాలుగే ఉన్నాయి. వరసగా చూసింది. చివరిది పదకొండు నిమిషాలుంది. అందులో నయీమ్ చెప్పింది ఒక్క నిమిషం కూడా లేదు, మిగతాదంతా దగ్గే. ఉలి కింద పెట్టి, తల వంచి, రాయి అంచు పట్టుకుని దగ్గుతాడు. మధ్యలో కెమెరా వైపు కాకుండా పక్కకు తిరిగి, "మెహతాబ్, నీళ్లు" అంటాడు. పక్కనుంచి ఒక చెయ్యి గ్లాసు పట్టుకుని తెరమీదికి వస్తుంది. పచ్చగాజులు ఉన్న చెయ్యి. ఆ చెయ్యి తనదని గుర్తుపట్టడానికి మెహతాబ్‌కు ఒక క్షణం పట్టింది. నయీమ్ నీళ్లు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, మళ్లీ కెమెరా వైపు తిరిగి నవ్వి, "మార్కాపురం రాయి..." అని మొదలుపెట్టి ఆగిపోతాడు. వీడియో అక్కడ అయిపోయింది. ఆమె దాన్ని కోయలేదు, పెట్టలేదు, తీసేయలేదు.

మర్నాడు ఎండెక్కాక ఇటుకల మీద ఫోను ఆనించి, తన చేతులూ రాయీ మాత్రం కనపడేట్టు సర్దుకుంది. ఒకటే సారి చెప్పింది.

"నయీమ్ గారు చనిపోయి ఏడు నెలలు దాటింది. ఇన్ని రోజులూ మీరు చూసినవి ఆయన ముందే తీసి పెట్టినవి. బోర్డులు చెక్కింది, మీకు జవాబులు రాసింది నేను. ఆయన భార్యను. నా పేరు మెహతాబ్. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. బోర్డు వద్దనుకున్నవాళ్లు తిరిగి పంపించండి."

పాట పెట్టలేదు. అట్లాగే వదిలింది.

పేజీ పుట్టినప్పటినుంచి ఏ వీడియోనూ అంతమంది చూడలేదు. రెండు రోజుల్లో లక్షలు దాటింది. ఎవరెవరో దాన్ని తీసుకుని, ఏడుపు సంగీతం కలిపి, తమ పేజీల్లో పెట్టుకున్నారు. దండాలు, విరిగిన గుండెల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. 'నువ్వు దేవతవమ్మా' అన్నారు కొందరు. 'సచ్చిన మొగుడిని చూపించి అమ్ముకుంటావా, సిగ్గులేదా' అన్నారు ఇంకొందరు. మెహతాబ్ అన్నీ చదివింది. రెండు రకాలూ ఒక్కలాగే ఉన్నాయి ఆమెకు. అయ్యో అన్నవాళ్లు వేలకు వేలు. ఆ నెలలో బోర్డు కావాలన్నవాళ్లు ముగ్గురు. మురళీధర్ మాత్రం ఫోను చేశాడు. "మా ఇంటి మీద మీ ఇద్దరి చెయ్యీ ఉందా అమ్మా?" అని అడిగాడు. "ఉంది. 'ధర్' నాది" అంది మెహతాబ్. ఆయన బోర్డు తిరిగి పంపలేదు. ఎవరూ పంపలేదు.

ఒంగోలు నుంచి ఒక యూట్యూబ్ ఛానెల్ అతను కూడా వచ్చాడు. పేరు ఫణికృష్ణ. మర్యాదస్తుడే. వరండాలో లైట్లు పెట్టి, మైకు తగిలించి, "ఆయన ఆఖరి మాట ఏందమ్మా?" అని అడిగాడు.

"టీలో చక్కెర తక్కువెయ్యమన్నాడు."

"ఆ రోజు మీకెట్ల అనిపించింది?"

"టీ ఒలికింది. తుడిచినా."

అతను కెమెరా ఆపి, మెల్లగా చెప్పాడు. "అమ్మా, తప్పుగా అనుకోవద్దు. కొంచెం బాధ కనిపించాల. లేకపోతే చూసేవాళ్లు నమ్మరు. అది మీ పేజీకి కూడా మంచిది."

"బాధ ఉంది బాబూ. కనపడే చోట లేదు."

ఇంకో రెండుసార్లు అడిగి చూశాడు. సామాను సర్దుకుంటూ తప్పకుండా వేస్తామన్నాడు. వేయలేదు.

హడావుడి తగ్గాక మెహతాబ్ పేజీ పేరులోంచి 'నయీమ్ చెయ్యి' అన్న రెండో సగాన్ని తీసేసింది. 'మార్కాపురం రాయి' అని మాత్రం ఉంచింది. తన పేరు రాద్దామా వద్దా అని చూసి, అప్పటికి వదిలేసింది. వారానికి ఒక వీడియో పెట్టేది. చేతులు, రాయి, ఉలి చప్పుడు. మాట్లాడటానికి ఏమీ లేకపోతే మాట్లాడేది కాదు. చూసేవాళ్లు కొద్దిమందే. నయీమ్ కోసం వచ్చినవాళ్లు సగానికి సగం వెళ్లిపోయారు.

ఆ సమయంలో అనురాధ తన ఇంటి గోడ ఫొటో తీసి పంతులమ్మల గ్రూపులో పెట్టింది. ఏం రాసిందో మెహతాబ్‌కు తెలియదు. కంభం నుంచి ఒకామె, బేస్తవారిపేట నుంచి ఒకామె, తర్వాత కడప నుంచి ఇద్దరు అడిగారు. అందరిదీ ఒకటే మాట. ఇంటిపేరు వద్దు, ఆయన పేరు వద్దు, నా పేరు చాలు. ఒకామె భర్త ఇంట్లోనే ఉన్నాడట, ఆయన బోర్డు ఆయన వేయించుకుంటాడులే అంది. మెల్లమెల్లగా వారానికి రెండు బోర్డులు చొప్పున కుదురుకుంది. నయీమ్ ఉన్నప్పటి జోరు లేదు. ఇద్దరి కడుపులు నిండుతున్నాయి, అమీనాబీ మందులు ఆగడంలేదు. నయీమ్ లేక ఏమీ తోచడంలేదేమో అని బాలకృష్ణ అడిగితే, "పని తోస్తుంది అన్నా" అంది మెహతాబ్.

చలికాలం మొదట్లో పుల్లలచెరువు నుంచి ఫోను వచ్చింది. మెసేజీ కాదు, ఫోనే. అవతల దయామణి అనే ఆమె. బస్టాండు దగ్గర ఒక్కతే దోసెల బండి నడుపుతుంది. బడి టీచరు ఎవరో చెప్పారట.

"ఆన్‌లైన్ గీన్‌లైన్ నాకు రాదమ్మా. రేకుల కొట్టు కొత్తగా ఏసినా. దానికి నా పేరు కావాల. కొలత నువ్వే వచ్చి తీసుకో, దోసెలు పెడతా."

కొలత ఫోనులోనే చెప్పించుకుని, బోర్డు చెక్కి, మెహతాబ్ తనే తీసుకుని బయలుదేరింది. ఎర్రగొండపాలెం మీదుగా బస్సు. ఒడిలో పాతచీరలో చుట్టిన రాయి. కిటికీ అవతల నీళ్లకోసం బిందెలు వరస పెట్టిన ఊళ్లు, ఎండిన సజ్జ మోళ్లు, దూరంగా నల్లమల. చూస్తూ కూర్చుంది. చూసినవి ఏవీ లోపలికి దిగలేదు, అయినా కళ్లు తిప్పుకోలేదు.

దయామణికి యాభై ఏళ్లుంటాయి. లావుపాటి మనిషి, పెద్ద గొంతు. బోర్డు విప్పగానే తడిచేతులు కొంగుకు తుడుచుకుని అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. ద, యా, మ, ణి. మేస్త్రీ బోర్డు బిగించాక రోడ్డు అవతలికి పోయి ఒకసారి, బస్సు దిగే చోట నిలబడి ఒకసారి చూసి వచ్చింది.

"ఫోనులో నన్ను కూడా చూపిస్తావా? ఆ టీచరమ్మ చెప్పింది, నువ్వు చూపిస్తే జనం వస్తారని."

"నన్నే చూసేవాళ్లు తక్కువక్కా."

"ఎంతమందో అంతమంది. ఏం చెప్పాల చెప్పు."

మెహతాబ్ పెనం పక్కన ఫోను పట్టుకుని నిలబడింది. "మీ పేరు చెప్పండి. ఏం చేస్తారో చెప్పండి. ఏడుంటారో చెప్పండి. చాలు."

దయామణి తలమీద కొంగు సర్దుకుంది. పిండి గరిటె చేతిలో పట్టుకుని, "నా పేరు..." అని ఫక్కున నవ్వింది. మళ్లీ మొదలుపెట్టింది. "నా పేరు ద..." మళ్లీ నవ్వు. "ఏందో సిగ్గైతుందమ్మా, నా పేరు నేనెప్పుడు చెప్పుకున్నా? అందరికీ తెలుసు గదా!" ఆరోసారికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగేట్టు నవ్వుతూ పెనం మీద దోసె మాడబెట్టింది. బల్ల మీద కూర్చున్న ముసలాయన, "చెప్పవే తొందరగా, నా దోసె ఏదే" అని కసురుకున్నాడు.

మెహతాబ్ నవ్వలేదు. కానీ ఫోను దించలేదు. పెనం వేడికి కొంచెం వెనక్కి జరిగి, "ఫర్వాలేదక్కా, మళ్లీ చెప్పండి. బస్సుకింకా టైముంది" అంది.

ఎనిమిదోసారికి దయామణి చెప్పేసింది. పేరు, దోసెలు, పుల్లలచెరువు బస్టాండు. చెప్పేసి, పరీక్ష పాసైనట్టు గరిటె గాల్లో ఊపింది. మాడిన దోసె కుక్కకు వేసి, కొత్తవి పోసి, మెహతాబ్‌కని ఆకులో చుట్టి, ముసలి అత్తకని వేరే పొట్లం కూడా కట్టింది.

బస్సు వచ్చింది. ముందు సీటు ఖాళీగా ఉంది. మెహతాబ్ కూర్చుని, పొట్లాలు ఒళ్లో పెట్టుకుని, కండక్టరుకు మార్కాపురం అని చెప్పింది. ఊరి చివర మలుపు తిరిగేసరికి ఆకలేస్తున్నట్టు తెలిసింది. తన పొట్లం విప్పి, వేడిగా ఉండగానే తినడం మొదలుపెట్టింది.